లాకుల దగ్గర చప్పుడు

భవానీపురం, విజయవాడ
జూన్ 1974

యేసు మరియ జోజప్ప తోడు

ప్రియమైన చెల్లి అమలకు,

అక్క తెరేసమ్మ ఆశీస్సులు. బోర్డింగు వదిలాక నీకు నేను ఉత్తరం రాసింది లేదు. నువ్వూ రాయలేదు. మంగళగిరి చీరల మూటతో ఊళ్లు తిరిగే దానమ్మ మీ వైపు నుంచి వచ్చినప్పుడల్లా నీ క్షేమం చెప్పేది, మా క్షేమం నీకు చేర్చేది. అదే చాలనుకున్నాను. ఇన్నేళ్లకు కలం పట్టడానికి కారణం నీ భర్త మా షెడ్డులో వదిలి వెళ్లిన కారు. దాని ముచ్చట దానమ్మకు చెప్పి పంపితే సగం దారిలోనే ఒలికిపోతుంది.

మా ఆయన పని నీకు తెలుసు కదా. కార్లకు సీట్లు కుట్టడం, తలుపులకు రబ్బరు బీడింగు వేయడం. తలుపు లోపలి అట్టలకు రెక్సిన్ కుట్టే పని నాది. నిన్న మధ్యాహ్నం అన్నాల వేళకు వీధి చివర ఒకటే మోత. మా దగ్గర పనిచేసే పీరు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని బయటికి వెళ్లి చూసి, "అమ్మగారూ, పెళ్లి ఊరేగింపు ఏదో దారితప్పి మన సందులోకి వచ్చింది. పెళ్లికొడుకు మీ మరిదిగారిలాగే ఉన్నాడు" అన్నాడు. నవ్వలేక చచ్చాం. దొరల కాలం నాటి నల్ల ఆస్టిన్ కారు. నాలుగు తలుపులూ నాలుగు రకాల మోత. అద్దాలు గాడిలో ఊగుతున్నాయి. బానెట్టు రేకు రేకు తన్నుకుంటోంది.

సంజీవరావు మరిది కూడా నవ్వారు. "చూశారా వదినగారూ, ఊళ్లో పిల్లకాయలు నన్ను డబ్బా దొర అంటున్నారు. నేను మా ఊరి కాలవ లాకుల దగ్గరికి రాకముందే 'డబ్బా దొర వచ్చాడ్రోయ్' అని కేకలు. కాలవ పనుల కంట్రాక్టరుని, నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను. ఇకనుంచి పిల్లి వచ్చినట్టు రావాలి. నేను వచ్చినట్టు ఇంట్లో వాళ్లకి కూడా తెలియకూడదు" అన్నారు. మీ అత్తగారి నిద్ర పాడవుతోందని కూడా అన్నారు. తల్లి మీద అంత ధ్యాస ఉన్న కొడుకుని చూసి సంతోషించాను.

ఒక్క విషయం మాత్రం మనసులో ముల్లులా ఉంది. షెడ్డు చుట్టూ తిరిగే కుక్క ఒకటి కారు చక్రం వాసన చూసింది. మరిది చేతిలో జాకీ రాడ్డు ఉంది. నేను అయ్యో అనేలోపే అయిపోయింది. నడుం మీద ఒక దెబ్బ, అది కుయ్యిమని పాకుతుంటే తల మీద ఇంకొకటి. తర్వాత చేతులు కడుక్కుని, "కాఫీ ఉందా వదినగారూ" అన్నారు. ఇచ్చాను. కుక్కను పీరు గోనెలో చుట్టి కృష్ణ ఒడ్డున పూడ్చి వచ్చాడు. వాడు ఆ తర్వాత జోకులు వేయలేదు. కంట్రాక్టు పనుల్లో మగవాళ్లకు చికాకులు ఉంటాయిలే అని సర్దుకున్నాను.

ఇవాళ వెనక తలుపు పాత అట్ట ఊడదీస్తే అడుగున ఎర్ర గాజు ముక్కలు రాలాయి. వాటితో పాటు నాలుగు పొడుగాటి వెంట్రుకలు. నీవేనా? తలుపు వేసేటప్పుడు చెయ్యి చూసుకోవాలి కదే. దానమ్మతో కొత్త గాజులు పంపుతాను.

నీ అక్క
తెరేసమ్మ


లాకులపాలెం, వయా కూచిపూడి
జూన్ 1974

పూజ్యులైన అక్కయ్యగారికి,

చెల్లెలు అమల నమస్కరించి రాయునది. మీ ఉత్తరం చేరింది. మీ మరిదిగారే చదివి వినిపించారు. ఇప్పుడు కూడా నా పక్కనే కూర్చుని ఉన్నారు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. అత్తయ్యగారికి చూపు పూర్తిగా పోయింది, నడుం పడిపోయి మంచంలోనే ఉన్నారు గానీ కొడుకు కంటికి రెప్పలా చూసుకుంటున్నారు.

కారులో దొరికిన గాజులు నావే. సంతలో దిగేటప్పుడు తొందరపడి తలుపు నేనే వేసుకున్నాను. మీ మరిదిగారు ఎంతో బాధపడ్డారు. దేవుని దయవల్ల నాకు ఈ ఇంట్లో ఏ లోటూ లేదు. కారు పని శ్రద్ధగా చేయించండి. ఆ మోత మాకెవరికీ గిట్టడం లేదు.

బావగారికి నమస్కారాలు.

ఇట్లు
అమలమ్మ


భవానీపురం
జూలై 1974

ప్రియమైన అమలకు,

నన్ను 'మీరు' అంటావేమిటే, పిచ్చిదానా. ఉత్తరం చదువుతుంటే ఎవరో పంతులమ్మ రాసినట్టుంది. అయినా ఒక మాటకు కళ్లు తుడుచుకున్నాను. రెండుసార్లు దేవుని దయ తలుచుకున్నావు. బోర్డింగులో జపమాల సగానికి రాకముందే నా భుజం మీద నిద్రపోయే అమలేనా ఇది అనుకున్నాను. కష్టం లేకపోయినా దేవుణ్ణి తలిచేవాళ్లు కొద్దిమంది. నువ్వు వాళ్లలో చేరావు.

కారు పని పూర్తయింది. మా ఆయన ఎప్పుడూ ఇంత మనసు పెట్టలేదు, మరదలి కారు అని. నాలుగు తలుపుల చుట్టూ కొత్త రబ్బరు బీడింగు, బొటనవేలంత లావుది. మూల తిరిగే చోట కోసి అతికించకుండా ఒకటే ముక్కగా వంచి, సొల్యూషన్ ఆరేదాకా గుడ్డలతో కట్టి ఉంచారు. అద్దాలు జారే గాడిలో మఖమల్ పట్టీ వేశారు. బానెట్టు కింద పాత నాడా కుళ్లిపోయి ఉంటే, కొత్త గుడ్డ నాడా గ్రీజులో నానబెట్టి, చిల్లుల్లోంచి లాగి, రేకూ రేకూ తగలకుండా బిగించారు. తలుపుల అట్టలు నేనే కుట్టాను. మేకులు కొట్టకుండా అంచులన్నీ చేతికుట్టు. కుట్టు కుట్టుకీ నిన్ను తలుచుకున్నాను.

పీరు మంగళగిరి దాకా నడిపి తెచ్చాడు. వాడు షెడ్డులోకి వచ్చి ఆపేదాకా నాకు తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే కారు నా చీర కొంగుని ముట్టుకుంటోంది! తలుపు వేస్తే మెత్తగా, దిండు మీద చెయ్యి వేసినట్టు పడుతోంది. మరిది వచ్చి ఒక్కో తలుపూ వేసి తీసి, వేసి తీసి చూసుకుని, "ఇదీ పనంటే" అన్నారు. కారు నిన్న తీసుకెళ్లారు.

ఇక నీ నిద్రకు ఢోకా లేదు.

అక్క
తెరేసమ్మ


లాకులపాలెం
ఆగస్టు 1974

అక్కా,

ఇది పోస్టులో వేయలేదు. దానమ్మ చీర మడతలో పెట్టి తెస్తోంది. నీ జవాబు కూడా దానమ్మ చేతికే ఇవ్వు. అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారుపడకు, ఎడమ చేత్తో రాస్తున్నాను.

బోర్డింగులో మన ఉత్తరాలన్నీ సిస్టరమ్మ చదివాకే ఇంటికి పంపేది, గుర్తుందా? అన్నంలో పురుగులు వస్తున్నాయని రాయలేక మనిద్దరం అమ్మతో ఒక గుర్తు పెట్టుకున్నాం. 'దేవుని దయవల్ల' అని ఒక్కసారి రాస్తే మామూలే. ఒకే ఉత్తరంలో రెండుసార్లు రాస్తే, అందులో రాసిందంతా అబద్ధం. ఆ గుర్తు కనిపెట్టింది నువ్వే. నేను రెండుసార్లు రాశాను అక్కా. నువ్వు నా భక్తికి మురిసిపోయావు.

ఆ మోతే మమ్మల్ని బతికిస్తూ వచ్చింది. కారు లాకుల మీద ఎక్కగానే అత్తయ్య చెవులకు అందేది. కళ్లు లేని మనిషి, ఆ చెవులు పాము చెవులే. "అమలా, వస్తున్నాడే" అనేది. అక్కడినుంచి గట్టు మీద ఇంటికి వచ్చేలోపు నేను అత్తయ్య పక్క సర్ది, దీపం వెలిగించి, నీళ్లు తోడి పెట్టి, కర్రలు, కత్తిపీట కనపడకుండా దాచి, తలుపు దగ్గర నిలబడేదాన్ని. ఏ ఒక్కటి తక్కువైనా ఆ రాత్రి ఎవరో ఒకరికి దెబ్బలే. నాకు కాకపోతే అత్తయ్యకి. సొంత తల్లిని మంచం మీంచి కాలితో దొర్లించే మనిషి అక్కా ఆయన. ఆదివారం చర్చి పూజలో ముందు వరసలో మోకాళ్ల మీద ఉంటారు.

పోయిన వారం సాయంత్రం దానమ్మ వచ్చింది. వరండాలో కూర్చున్నాం. దానమ్మ, "మీ కారుకి గొంతు పోయిందటగా" అంది. నాకు ఎందుకో నవ్వొచ్చింది. పాత కారు ఎలా వచ్చేదో చేతులు ఊపుతూ చేసి చూపించాను. డబడబ, లొడలొడ, మధ్యలో ఆయన దగ్గు కూడా. అత్తయ్య పళ్లులేని నోటితో పడీపడీ నవ్వింది. ఆమె అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. దానమ్మ ఉన్నట్టుండి లేచి నిలబడింది. వెనక్కి తిరిగాను. కారు వాకిట్లో ఉంది. ఆయన గుమ్మం పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, నా ఆట మొత్తం చూస్తున్నారు.

"బాగుంది, మళ్లీ చెయ్యి" అన్నారు.

జుట్టు పట్టుకుని కారు దగ్గరికి ఈడ్చుకెళ్లారు. నా కుడి చెయ్యి తలుపు సందులో పెట్టారు. "చప్పుడు చేస్తావా? ఇప్పుడు చెయ్యి" అని తలుపు వేశారు. తీసి, మళ్లీ వేశారు. ఎర్ర గాజులు పగిలిన రోజు కూడా ఇదే తలుపు. ఆ రోజు ఒట్టి రేకు. ఈసారి బావ వేసిన రబ్బరు అడ్డం పడింది. మూడు వేళ్లు విరిగాయి గానీ తెగిపోలేదు. నర్సమ్మకి జారిపడ్డానని చెప్పాను.

నన్ను రమ్మని రాయకు. అత్తయ్యని కదిలించలేను, వదిలి రాలేను. పోయిన ఏడాది నేను నాన్న మాసికానికి వచ్చి వెళ్లాక ఆమె వీపు చూశాను. పోలీసు స్టేషను వాళ్లని అడగమంటావేమో, వాళ్లు మా వరండాలోనే పేకాడుకుంటారు.

ఆ కారుకి చప్పుడు తెప్పించు అక్కా. నీకు చేతనైతే అదొక్కటి చెయ్యి.

అమల


భవానీపురం
ఆగస్టు 1974

అమలా, నా తల్లీ,

దానమ్మ ఎదురుగానే చదివాను. నేను కనిపెట్టిన గుర్తుని నేనే జపమనుకున్నాను. యాభై ఏళ్ల దాన్ని, ప్రతి మాటలోనూ దేవుడే కనిపించి, నా చెల్లి కనిపించలేదు. నా చేత్తో కుట్టిన అట్ట ఉన్న తలుపులోనే నీ వేళ్లు పెట్టాడు.

మీ బావకు ఉత్తరం చూపించలేదు, సంగతి చెప్పాను. మొదట, "నేను వేసిన బీడింగు నేనే పీకనా? పీకితే వాడికి తెలియదా?" అన్నారు. తర్వాత కూర్చున్న చోటునుంచి లేవలేదు. అన్నం తినలేదు. చివరికి, "వాడిని తీసుకురానీ, నేను చూసుకుంటాను" అంటే నేనే వద్దన్నాను. ఇక్కడ మనవాళ్లు ఒక దెబ్బ కొడితే, అక్కడ నీకు పది పడతాయి.

దేవుడు దారి చూపించాడు. మొన్నటి వానలకు అద్దం అంచున నీళ్లు కారుతున్నాయని అతనే కారు తెచ్చి వదిలాడు. "రాత్రి ఇక్కడే ఉండనీండి, రేపు తీసుకెళ్తాను వదినగారూ" అన్నాడు. అతని కళ్లలోకి చూసి కాఫీ ఇచ్చాను. అది నాకే ఆశ్చర్యం.

మీ బావ అద్దం పని చేస్తుంటే నేను వెనక తలుపు అట్ట కింద కుట్టు విప్పాను. తలుపు లోపల అడుగున రేకు తొట్టిలా ఉంటుంది. ఏం వేసినా అక్కడికే చేరి గలగలలాడుతుంది. కానీ వేసిన రోజే మోగితే షెడ్డు దాటకముందే పట్టుకుంటాడు. అందుకని బెల్లం పాకం పట్టాను. అమ్మ జపమాల తెంపి, ఆ నల్ల గాజు పూసలు పాకంలో కలిపి ఉండలు చుట్టాను, నువ్వుల ఉండలు చుట్టినట్టే. ఒక్కో పూస పాకంలో వేస్తూ ఒక్కో మంగళవార్త జపం చెప్పుకున్నాను. సిలువ మాత్రం తీసి దాచాను. ఉండలు రేకుకి అంటించి అట్ట మళ్లీ కుట్టేశాను. ఈ వానాకాలపు చెమ్మకి బెల్లం కరుగుతుంది, మిగిలింది చీమలు తింటాయి. అప్పుడు పూసలు విడిపోతాయి.

పీరు చూశాడు. "అమ్మగారూ, కారుకి చలిమిడి పెడుతున్నారా?" అన్నాడు. "సీమంతం రా" అన్నాను. వాడు నా మొహం చూసి, సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు.

మోగినప్పుడు అమ్మే వచ్చి చెప్పిందనుకో.

అక్క


లాకులపాలెం
అక్టోబరు 1974

అక్కా,

మోగింది.

పోయిన నెల ఒకరోజు పొద్దుగూకే వేళ అత్తయ్య మంచం మీద తల పక్కకి తిప్పి, "అమలా, ఎవరే అది? గజ్జెల చప్పుడు. కూచిపూడి వాళ్లు మన గట్టు మీద వస్తున్నారా?" అంది. నేను చెవి ఒగ్గి విన్నాను. చిన్న చప్పుడే. వానాకాలం కప్పల మధ్య ఎవరైనా పోల్చుకోగలరా అంటే, అత్తయ్య పోల్చుకుంది. కారు వాకిట్లోకి వచ్చేసరికి దీపం వెలిగింది, నీళ్లు ఉన్నాయి, నేను తలుపు దగ్గర ఉన్నాను. ఆయన నన్ను అలా చూస్తూ నిలబడ్డారు. ఎలా తెలిసిందో అర్థంకాక.

కొన్నాళ్లు హాయిగా గడిచాయి. అత్తయ్యకి బెల్లం సంగతి చెప్పాను. "మీ అక్క సాధువనుకున్నాను, గుండెలు తీసిన బంటు" అంది.

తర్వాత ఆయన చెవిన పడింది. పిచ్చెత్తినట్టు అయిపోయారు. ఒక రోజంతా కారు కింద పడుకుని ప్రతి బోల్టూ బిగించారు. చప్పుడు పోలేదు. నిన్న నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి గట్టు మీద అటూ ఇటూ నడిపారు. "ఎక్కడ్నించి వస్తోంది? నీ పక్కనే కదా? చెప్పు!" అని. "నాకేం వినపడలేదండీ" అన్నాను. ఆపి, వెనక్కి వచ్చి, తలుపు తీసి, నా ఎడమ చెవి మీద అరచేత్తో కొట్టారు. "ఇప్పుడు?" అన్నారు. "వినపడలేదు" అన్నాను. మళ్లీ కొట్టారు. మూడోసారి నేను అబద్ధం చెప్పలేదు. నిజంగానే వినపడలేదు. దిండు మీద నెత్తురు చూసి అత్తయ్యకి చెప్పలేదు గానీ, ఆమె వాసన పట్టింది.

రేపో ఎల్లుండో కారు మీ దగ్గరికే తెస్తానంటున్నారు. అట్టలు విప్పిస్తానంటున్నారు. జాగ్రత్త అక్కా. బావని ఎదురుపడవద్దను.

అమల


భవానీపురం
అక్టోబరు 1974

అమలా,

నీ ఉత్తరం తెచ్చిన దానమ్మ గుమ్మం ఎక్కేసరికే అంతా అయిపోయింది. ఈ కాగితం పీరుకి ఇచ్చి బస్సెక్కిస్తున్నాను. బస్సు అతనికంటే ముందు చేరదని తెలుసు. అయినా పంపుతున్నాను.

మధ్యాహ్నం దాటాక వచ్చాడు. వస్తూనే రెక్సిన్ కోసే కత్తి తీసుకుని నా కుట్లన్నీ చీల్చాడు. పూసలు చీమలతో సహా నేల మీద రాలాయి. ఒకటి ఏరి వెలుతురులో చూశాడు. జపమాల పూస అని తెలియని మనిషా? "వదినా" అన్నాడు. గారు లేదు. "నా ఇంట్లో నా మీద కాపలా పెట్టావా?"

మీ బావ అడ్డం వచ్చారు. జాకీ రాడ్డుతో ముంజేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. పీరు వెనకనుంచి పట్టుకుంటే మోచేత్తో వాడి నోటి మీద పొడిచాడు, పళ్లు ఊడాయి. తర్వాత తలుపుల చుట్టూ ఉన్న బీడింగు పట్టి పీకడం మొదలెట్టాడు. గాడిలోని మఖమల్, బానెట్టు నాడా, ఒక్కటి మిగల్చలేదు. "మీ చేతి పని నాకొద్దు" అని అరుస్తూనే ఉన్నాడు. చివరి రబ్బరు ముక్క నా మెడకు చుట్టి లాగాడు. నాకు షెడ్డు రేకులు కనిపించాయి, తర్వాత నల్లగా అయింది. పక్క షెడ్ల వాళ్లు ఇనప కడ్డీలతో వచ్చి నలుగురూ కొడితే గానీ వదలలేదు. నుదురు పగిలి నెత్తురు కారుతూనే కారెక్కాడు. "దాని సంగతి చూస్తాను, ముసల్దాని సంగతి కూడా" అన్నాడు. నా గొంతు ఇంకా రావడం లేదు. మీ బావ చేతికి కట్టు కట్టించాం, నెత్తురు ఆగింది.

అమలా, ఒక్క మాట. బీడింగు మొత్తం తనే పీకేసుకున్నాడు. గొళ్లేలు కూడా వంగిపోయాయి. ఒక తలుపు మూతపడక చేత్తో పట్టుకుని నడుపుతున్నాడు. వంతెన దాటేదాకా ఆ మోత మాకు వినపడింది. నీకు ఈ కాగితం అందకపోయినా అది వినపడుతుంది. విన్నాక నిలబడి నీళ్లు అందించకు. తలుపు గడియ పెట్టుకో. చేతికి ఏది దొరికితే అది పట్టుకో. ఇది నీ అక్కే రాస్తోంది.


లాకులపాలెం
అక్టోబరు 1974

పూజ్యులైన అక్కయ్యగారికి,

మీ మరిదిగారు లాకుల దగ్గర ప్రమాదంలో కాలం చేశారు. వానలో గట్టు జారి కారు కాలవలో పడింది. దేవుని దయవల్ల ఎక్కువ బాధపడకుండా పోయారని అందరూ అంటున్నారు. ఆ సమయానికి అత్తయ్యగారూ నేనూ నిద్రలో ఉన్నాం, ఏ చప్పుడూ వినలేదు. దేవుని దయవల్ల ఫాదర్‌గారు పూజ చేసి సమాధి చేయించారు. స్టేషను వాళ్లు ఈ ఉత్తరం చూసి పోస్టు చేయిస్తామన్నారు.

ఇట్లు
అమలమ్మ


లాకులపాలెం
నవంబరు 1974

అక్కా,

ఈసారి నువ్వు గుర్తు తప్పవని తెలుసు. అయినా నోటితో ఎవరికీ చెప్పలేనిది నీకు చెప్పాలి. దానమ్మ చీరల్లో వస్తోంది.

ఆ సాయంత్రం ముసురు. ఊరంతా తలుపులు వేసుకుని ఉంది. అత్తయ్య ముందు విన్నది. "అమలా, ఇది కారు కాదు. రేకుల మీద వడగళ్లు పడ్డట్టు వస్తోంది" అంది. తర్వాత నా ఒక్క చెవికీ వినపడింది. అంత దూరం నుంచి ఎప్పుడూ వినపడలేదు. నీ ఉత్తరం అందలేదు గానీ నాకు అర్థమైంది. అత్తయ్య మంచం గోడవైపు లాగాను. గడియ పెట్టాను. రోకలి చేతిలోకి తీసుకుని తలుపు పక్కన నిలబడ్డాను. కుడి చేతి వేళ్లు వంగవు, ఎడమ చేత్తో పట్టుకున్నాను. కొట్టాలనే నిలబడ్డాను అక్కా. తల ఎంత ఎత్తులో ఉంటుందో గోడ మీద చూసుకున్నాను కూడా.

మోత లాకుల మీదికి వచ్చింది. తలుపు ఒకటి దబదబ కొట్టుకుంటోంది. అది వేసుకోవడానికే చెయ్యి చాచి ఉంటాడు. అక్కడ ఆగిపోయింది. ఉన్నట్టుండి, మనిషి గొంతు నొక్కినట్టు. తర్వాత నీళ్ల చప్పుడు.

తర్వాత కేక. "అమ్మా" అని.

పెళ్లైనప్పటినుంచి వాడు ఆమెను ముసల్దానా అనే పిలిచాడు. అమ్మా అని నేను వినడం అదే మొదలు. మళ్లీ "అమ్మా" అన్నాడు. పరిగెత్తితే లాకులు ఎంత దూరం? పక్కింటివాళ్లని కేకేస్తే తాళ్లతో వెళ్లేవాళ్లు. రోకలి కింద పెట్టి గడియ మీద చెయ్యి వేశాను. అవును, వేశాను. ఎందుకో నాకే తెలియదు.

అత్తయ్య, "విన్నావా?" అంది.

"ఏ చెవితో వినమంటావు అత్తయ్యా?" అన్నాను.

ఆమె చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి నా కొంగు పట్టుకుంది. "నాకూ ముసలితనం వచ్చేసింది. చెవులు పనిచేయడం లేదు. ఇలా వచ్చి కూర్చో" అంది. కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుంది. వాడు పిలిచిన ప్రతిసారీ ఆ చెయ్యి బిగిసింది. గోళ్లు నా చర్మంలో దిగాయి. చివరికి చెయ్యి వదులైంది. అప్పుడు, "జపం చెప్పవే, నేను వెనకాల అంటాను" అంది.

తెల్లారి పీరు వచ్చేసరికి లాకుల దగ్గర జనం. వాచిన నోటితో మాట ముద్దగా వస్తుంటే నన్ను చూసి ఏడ్చాడు. పోయినవాడి వేళ్లు కారు తలుపు సందులో ఇరుక్కుపోయాయట అక్కా. రేకూ రేకూ కరుచుకుని, కడ్డీతో విడదీస్తే గానీ రాలేదట. రబ్బరు ఉండి ఉంటే చెయ్యి లాక్కునేవాడు అని పీరు మెల్లగా అన్నాడు.

అత్తయ్య మూడో రోజున ఏడ్చింది. ఒక పూటంతా. నేను ఆపలేదు.

నన్ను తిట్టు. లేదా ఏమీ అనకు.

అమల


భవానీపురం
నవంబరు 1974

అమలా,

పోస్టులో వచ్చిన ఉత్తరం మీ బావ చదివి, "పోనీలే, బాధపడకుండా పోయాడు" అన్నారు. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. ఒకటి. రెండు. కాగితం మడిచి బైబిల్లో పెట్టాను. తర్వాత దానమ్మ రెండోది తెచ్చింది.

నిన్ను తిట్టను. క్షమించానని కూడా అనను. ఆ మాట అనే అధికారం నాకు లేదు. గుణదల కొండ ఎక్కి మాత ముందు నిలబడ్డాను. ఏమని అడగాలో తెలియక దిగి వచ్చాను. వాడి ఆత్మ కోసం పూజ చెప్పించాను, నీ కోసం ఇంకొకటి చెప్పించాను. ఫాదర్‌గారు రెండూ ఒకే రోజున పెట్టారు. వాడికి ఇక్కడ కాఫీ ఇచ్చిన చెయ్యి నాది. నీకు పూసలు పంపిన చెయ్యీ నాదే. నువ్వొక్కదానివే ఆ గదిలో లేవు.

మీ బావకు ఎముక అతుక్కుంటోంది. పీరుకి కట్టుడు పళ్లు పెట్టించాం. "ఇప్పుడు నా నోరు కూడా గలగలలాడుతోంది అమ్మగారూ, బీడింగు వేయండి" అంటున్నాడు. ఎండలు రాకముందే బండి మాట్లాడి మీ ఇద్దరినీ ఇక్కడికి తెచ్చుకుంటాం. మీ అత్తగారి మంచం కిటికీ పక్కన వేస్తాను. మా సందులో పొద్దస్తమానం సుత్తుల మోతే. ఆమె ఏ చప్పుడు ఎవరిదో తెలుసుకోవాల్సిన పని ఉండదు.

అమ్మ జపమాల పూసలు షెడ్డు నేల మీద ఏరాను. కొన్ని దొరకలేదు. దొరికినన్నిటితో దాచిన సిలువ కట్టి మళ్లీ గుచ్చాను. జపం మధ్యలో వేళ్లకు ఖాళీ తగులుతుంది. అలాగే చెప్పుకుంటున్నాను.

దేవుని దయవల్ల నువ్వు బతికి ఉన్నావు. ఒక్కసారే రాశాను, చూసుకో.

దానమ్మ తెచ్చిన నీ కాగితాలు కాల్చేద్దామని పొయ్యి దాకా తీసుకెళ్లాను. అవి కాలిస్తే పోస్టులో వచ్చిన రెండే మిగులుతాయి, నీకు జరిగిందంతా లేనట్టే అయిపోతుంది. అందుకని పెట్టె అడుగున పెట్టాను. నా ఉత్తరాలూ నువ్వు అలాగే ఉంచు. మనిద్దరం పోయేదాకా ఉండనీ. ఎవరికీ చూపించకు.

అక్క
తెరేసమ్మ